చెర్రీ ఖర్చెంత, వడ్డీ ఖర్చెంత: కె.ఆర్.పురంలో ఒక ఇంటి అప్పుల లెక్క

2024 జూన్‌లో ఒక ఆదివారం పొద్దున ఆ ఇంటికి వెళ్ళాను. కె.ఆర్.పురం స్టేషన్ నుంచి కాస్త లోపలికి, మూడో అంతస్తులో డబుల్ బెడ్‌రూమ్ ఇల్లు. బిల్లులన్నీ ఒక బట్టల షాపు కవర్లో కుక్కి డైనింగ్ టేబుల్ మీద పెట్టారు. కూర్చున్న రెండు నిమిషాలకు టేబుల్ కింద నుంచి ఒక బరువైన తల వచ్చి నా పాదం మీద వాలింది. అదే చెర్రీ. ఆరేళ్ళ ఆడ లాబ్రడార్. నేను వెళ్ళేదాకా ఆ తల అక్కడే ఉంది.

బెంగళూరులో అప్పుల్లో ఇరుక్కున్న కుటుంబాలతో, ఎక్కువగా మన తెలుగువాళ్ళతో, కూర్చుని జమాఖర్చులు సరిచేయడం నా పని. ఈ కేసును ఆ ఇంటివాళ్ళ అనుమతితోనే రాస్తున్నాను, పేర్లు రాయడం లేదు. ఇందులో నేను చేసిన ఒక తప్పు ఉంది. రాయడానికి అసలు కారణం అదే.

ఆయనది నెల్లూరు జిల్లా, వైట్‌ఫీల్డ్ వైపు ఒక కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం, చేతికొచ్చే జీతం 74,000. ఆమెది అనంతపురం, దగ్గర్లోని ప్రైవేటు స్కూల్లో టీచరు, 24,000. యూకేజీ చదివే పాప. అప్పులు మూడు. మొదటి క్రెడిట్ కార్డు మీద 1,86,000, నెలకు 3.5 శాతం వడ్డీ. రెండో కార్డు మీద 64,000, నెలకు 3.75 శాతం. ఇవికాక పర్సనల్ లోన్ 2,90,000 మిగిలింది, ఏడాదికి 14 శాతం, ఈఎంఐ 11,850. ఆ లోన్ ఆయన తండ్రి ఆపరేషన్‌కు తీసుకున్నది, దాని గురించి ఇద్దరికీ స్పష్టంగా తెలుసు. కార్డులు ఇంతెందుకు పెరిగాయో మాత్రం ఇద్దరిలో ఎవరూ చెప్పలేకపోయారు. నెల్లూరులో ఒక రిజిస్టర్డ్ కంపెనీలో రెండు లక్షల చిట్టీ ఉంది, ఇరవై నెలలది. డివిడెండ్ పోను నెలకు సుమారు 8,500 కడుతున్నారు. ఇంకా పాడలేదు.

ఖర్చులు ఒక్కొక్కటే అడుగుతూ వచ్చాను. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 23,500. ఇంటి సరుకులు, పాలు, గ్యాస్ 14,000. పాప స్కూలు, వ్యాను 6,500. ఊళ్ళో ఆయన తల్లికి 6,000. పెట్రోలు 4,000, కరెంటు, నీళ్ళు, ఫోన్లు 4,200, బయట తిండి, బట్టలు, సినిమాలు 7,000. రెండు కార్డులకూ మినిమమ్ డ్యూ, అంటే నెలకు కనీసం కట్టాల్సింది, 12,500. "చెర్రీకి?" అని అడిగితే ఆమె కాసేపు ఆలోచించి, "ఒక రెండున్నర వేలు అవుతుందేమో అక్కా" అంది.

ఇలాంటి జవాబు నాకు చాలా ఇళ్ళల్లో ఎదురైంది. అబద్ధం చెప్తున్నారని కాదు. ప్రతి నెలా కొనే మేత బస్తా ఒక్కటే గుర్తుంటుంది. అందుకే ఫోన్లో యూపీఐ చిట్టా, కార్డు స్టేట్‌మెంట్లు తెరిపించి పన్నెండు నెలల లెక్క తీశాం. దాదాపు గంటన్నర పట్టింది. తిండికి ఏడాదికి 34,800. స్నానం, గోళ్ళ కోసం పార్లర్‌కు 16,800. సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు ఊరెళ్ళినప్పుడు హాస్టల్‌లో ఉంచినందుకు 13,000. టీకాలు, నట్టల మందు వగైరా 7,200. జబ్బులకు 23,000. మొత్తం 94,800, అంటే నెలకు 7,900.

జబ్బుల పద్దులో పెద్దది టిక్ ఫీవర్, అంటే పిడుదుల వల్ల వచ్చే జ్వరం, 14,500. ఆ కథ తెలియాలంటే చెర్రీ టీకాల పుస్తకం తెరిస్తే చాలు. స్టిక్కర్లు వరసగా అంటించి ఉన్నాయి, రేబిస్ టీకా ఏ ఏడాదీ తప్పలేదు. పిడుదుల మందు వేసిన తేదీలు మాత్రం 2023 మే దగ్గర ఆగిపోయాయి. ఎందుకని అడిగితే ఆయన, "ఆ నెల టైట్‌గా ఉంది మేడమ్, వానలు తగ్గాక వేద్దామనుకున్నాం" అన్నారు. వానల్లోనే పిడుదులు ఎక్కువ. అక్టోబరుకల్లా చెర్రీ ముక్కులోంచి రక్తం, ప్లేట్‌లెట్లు పడిపోవడం, రక్త పరీక్షలు, సెలైన్లు, నాలుగు వారాల యాంటీబయోటిక్. ఆ బిల్లు మొత్తం కార్డు మీదే.

ఇప్పుడు అసలు లెక్క. కుక్క ఖర్చు కలపకుండానే, ఈఎంఐ, చిట్టీతో సహా నెలకు 98,050 అవుతోంది, ఆదాయం 98,000. చెర్రీ 7,900 కలిపితే 1,05,950. లోటు 7,950. ఆయన కాగితం మీద ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూసి పెన్ను కింద పెట్టేశారు. "మా అమ్మ ఎప్పటినుంచో చెప్తోంది, దాన్ని ఊళ్ళో వదిలెయ్యమని. అమ్మే రైటేమో." ఆమె ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ప్రశ్న తప్పని నేను అనను. పాలవాడికి బాకీ పడిన ఇంట్లో కుక్క ఖర్చు గురించి ఎవరో ఒకరు అడగాల్సిందే. కానీ జవాబు లెక్కలోంచి రావాలి, చిరాకులోంచి కాదు. అందుకే ఇంకో కాగితం తీసి కార్డుల వడ్డీ వేయించాను. మొదటి కార్డుకు నెలకు 6,510. రెండోదానికి 2,400. దాని మీద 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపి 10,500 పైనే. వాళ్ళు కడుతున్న 12,500లో అసలుకు చేరుతున్నది రెండు వేలు. అదే నెలలో లోటు పూడ్చడానికి మళ్ళీ దాదాపు ఎనిమిది వేలు గీకుతున్నారు. చెర్రీ తినేది 7,900, వడ్డీ తినేది 10,500. చెర్రీని రేపే పంపించేసినా వడ్డీ ఇంట్లోనే ఉంటుంది. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు.

ఇంకో సంగతి కూడా చెప్పాను. ఇంట్లో పెరిగిన ఆరేళ్ళ లాబ్రడార్‌ను ఊళ్ళో ఎవరూ పట్టించుకోని చోట విడిచిపెడితే బతకదు. ఆకలికి, దాహానికి మాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం కూడా. నిజంగా ప్రేమగా చూసుకునే ఇల్లు దొరికితే అది వేరే మాట. అలాంటి ఇల్లేదీ వాళ్ళ ఎరుకలో లేదు.

ఆ రోజు వేసిన మొదటి ప్లాన్‌లో బయటి ఖర్చు 7,000 నుంచి 4,000కు తెచ్చాం, సరుకులు 12,500కు. చెర్రీ విషయంలో పార్లర్ దాదాపు మానేశాం. లాబ్రడార్‌కు జుట్టు కత్తిరించే పని లేదు, బాత్రూమ్‌లో పైపు పెట్టి స్నానం చేయిస్తే చాలు. గోళ్ళు టీకాకు వెళ్ళినప్పుడు క్లినిక్‌లో తీయిస్తారు. హాస్టల్ బదులు కింది అంతస్తులో బీగల్ ఉన్న కన్నడ కుటుంబంతో మాట్లాడుకున్నారు, మీరు ఊరెళ్తే మేం చూస్తాం, మేం వెళ్తే మీరు చూడండి అని. తిండి దగ్గర నాకు అనుమానం వచ్చి బరువు అడిగాను. 38 కిలోలు. డాక్టర్ అప్పటికే రెండుసార్లు 30కి తేవాలని చెప్పారట. డబ్బాలోంచి చేత్తో తీసి పోస్తున్నారు, ఆయన పొద్దున పోస్తే, అది తెలియక ఆమె మళ్ళీ పోస్తోంది. పాప తన బిస్కెట్లు సగం పెడుతోంది. డాక్టర్ని అడిగి కొలత పెట్టుకున్నారు. ఒక స్టీలు గ్లాసు డబ్బాలోనే వేసి ఉంచారు, పూటకు గ్లాసున్నర, పోసినవాళ్ళు ఫ్రిజ్ మీద కాగితంలో టిక్కు పెట్టాలి. బిస్కెట్ల స్థానంలో క్యారెట్ ముక్కలు. ఖరీదైన మేత నుంచి మధ్య రకానికి పది రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చారు. ఒక్కసారిగా మారిస్తే కుక్కలకు కడుపు చెడుతుంది. ఇలా తిండి నెలకు 2,900 నుంచి 2,200కు దిగింది.

పిడుదుల మందు, రేబిస్ టీకా మాత్రం తగ్గించడానికి వీల్లేదన్నాను. మొత్తం మీద చెర్రీ పద్దు 3,500కు వచ్చింది. ఇల్లు మారి అద్దె తగ్గించుకుందామా అన్న మాటా వచ్చింది. కానీ కొత్త ఇంటికి ఐదారు నెలల అడ్వాన్స్ ఎక్కడిది? పైగా కుక్క ఉందంటే ఓనర్లు తలుపు వేసేస్తారు. దాన్ని అక్కడితో వదిలేశాం.

నెలకు 8,900 తగ్గింది. లోటు పోయి 950 మిగులు.

తర్వాత చిట్టీ. జూలై పాట పదో నెలది. 44,000 తగ్గించి పాడితే 1,56,000 చేతికొచ్చింది. 44,000 పోయిందని ఆమె బాధపడింది, న్యాయమే. కానీ 1,56,000 మీద మొదటి కార్డు వడ్డీ, జీఎస్టీతో కలిపి నెలకు 6,400 పైన పడుతోంది. ఏడు నెలల్లో ఆ నష్టం పూడిపోతుంది. మొత్తం డబ్బును కార్డుకు కట్టించాను. బాకీ 28,000 చిల్లరకు దిగింది. వడ్డీ నెలకు 10,500 నుంచి 4,000 లోపుకు పడింది. కార్డులకు కట్టే 12,500 మాత్రం తగ్గించవద్దని, కార్డును ఇక ముట్టుకోనే వద్దని గట్టిగా చెప్పాను. ఆయన నా చేతిలో చెయ్యేసి మాటిచ్చారు. ఆ సాయంత్రం చాలా తృప్తిగా ఇంటికి వెళ్ళాను.

ఆగస్టు రెండో వారం, మంగళవారం రాత్రి పదకొండు దాటాక ఆమె ఫోన్. వెనక కుక్కలు మొరుగుతున్నాయి. "అక్కా, క్లినిక్‌లో ఉన్నాం. చెర్రీకి ఇప్పుడే ఆపరేషన్ చెయ్యాలంట. కార్డు వాడొచ్చా అక్కా?"

వాడమన్నాను. ఇంకేం చెప్తాను?

తర్వాత రోజు కలిసినప్పుడు మొత్తం తెలిసింది. చెర్రీకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. అలాంటి ఆడకుక్కల్లో వయసు మీద పడేకొద్దీ, ఎదకు వచ్చిపోయిన కొన్ని వారాలకు గర్భసంచికి చీము పట్టే జబ్బు వస్తుంది. పయోమెట్రా అంటారు. నీళ్ళు విపరీతంగా తాగుతుంది, తిండి మానేస్తుంది, నీరసపడిపోతుంది. ఆలస్యమైతే ఒంట్లోకి విషం పాకి ప్రాణం పోతుంది. చెర్రీ ఆదివారం పొద్దున్నే గిన్నె ముట్టుకోలేదు. మంగళవారం సాయంత్రం వరకు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళలేదు. ఎందుకని అడిగితే ఆయన తల వంచుకుని అన్నారు: "కార్డు ముట్టుకోనని మీకు మాటిచ్చాను కదా మేడమ్. పెరుగన్నం పెడితే తగ్గుతుందేమో చూద్దామనుకున్నా."

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ మూగజీవాన్ని మూడు రోజులు బాధలో ఉంచింది నేను తీసుకున్న మాట. జూన్ కాగితం మళ్ళీ తీసి చూశాను. ఏడాదికి 23,000 జబ్బుల ఖర్చు అని నా చేత్తోనే రాసుకున్నాను. కొత్త పద్దులో దాన్ని సున్నా చేశాను. కిందటేడు వచ్చింది కాబట్టి ఈ ఏడు రాదన్నట్టు. పిడుదుల మందు ఆపేసినందుకు వాళ్ళను మనసులో తప్పుపట్టిన నేను అదే తప్పు ఇంకా పెద్దగా చేశాను. ఆపరేషన్ సంగతి డాక్టర్ని అడగమని కూడా నాకు తట్టలేదు. ముందే తీరిగ్గా చేయించి ఉంటే దానికయ్యేది ఇందులో చిన్న భాగం.

బిల్లు 36,400. స్కాన్, రక్త పరీక్షలు, ఆపరేషన్, మూడు రోజుల సెలైన్. కార్డులో పాత బాకీ ఉంటే కొత్త స్వైప్‌కు వడ్డీ లేని రోజులు ఉండవు, ఆ రోజు నుంచే మీటరు తిరుగుతుంది. దీనికి తోడు ఆ నెలాఖరులోపు అదే కార్డు మీద ఇంకో 9,000 ఎక్కాయి. పాప పుట్టినరోజు, బయటి నుంచి తెప్పించుకున్న భోజనాలు. "ఎలాగూ పెరిగిపోయింది కదా అనిపించింది" అంది ఆమె.

తోటి సలహాదారులు ఇక్కడ ఒక మాట అడుగుతారని తెలుసు. వడ్డీ లెక్క ప్రకారం చిట్టీ డబ్బంతా కార్డుకు కట్టడమే రైటు. 25,000 పక్కన పెట్టుకుని ఉంటే నెలకు వెయ్యి పైన వడ్డీ అదనంగా పడేది. అవసరమొచ్చినప్పుడు కార్డు ఎలాగూ ఉంది. కాగితం మీద ఇది కాదనలేని మాట. ఆ ఇంట్లో మాత్రం కార్డు అంటే ఓటమి. దాన్ని వాడకూడదనుకుని మూడు రోజులు ఆగారు, వాడాక ఇక అంతా పోయిందనుకుని ఇంకా వాడారు. పక్కన సొంత డబ్బు ఉంటే ఆదివారమే బయల్దేరేవాళ్ళు. ఆ మూడు రోజుల కోసం నెలకు వెయ్యి రూపాయలు దండగని నేను ఇక ఎవరికీ చెప్పను.

సెప్టెంబరు మొదట్లో కొత్తగా కూర్చున్నాం. మొదటి కార్డు మీద 73,500, రెండోదాని మీద 55,300. ఆమె లోపలికి వెళ్ళి ఒక చిన్న గుడ్డ సంచి తెచ్చి టేబుల్ మీద పెట్టింది. పెళ్ళికి పుట్టింటివాళ్ళు పెట్టిన రెండు గాజులు. "బ్యాంకులో పెడదాం. కానీ వచ్చే శ్రావణం వరలక్ష్మీ వ్రతానికి ఇవి నా చేతికి ఉండాలి." బంగారం నేనెప్పుడూ అడగను, వాళ్ళంతట వాళ్ళు తెస్తేనే లెక్క వేస్తాను. గోల్డ్ లోన్ లక్ష వచ్చింది, ఏడాదికి 9.5 శాతం. 55,300తో రెండో కార్డు మూసేశాం, బ్యాంకుకు రాసి రద్దు చేయించాం. 24,700 మొదటి కార్డుకు. మిగతా 20,000 ఆమె పేరున ఊరికే పడి ఉన్న ఒక సేవింగ్స్ ఖాతాలో వేశాం.

అప్పు తెచ్చి పొదుపు ఖాతాలో వేయడమేంటని ఆయన అడిగారు. మనిషి మళ్ళీ లెక్కల్లోకి వచ్చారని సంతోషం వేసింది. 20,000కు ఈ వడ్డీ నెలకు దాదాపు 160. ఆ 160తో కొంటున్నది ఆదివారం పూటే డాక్టర్ దగ్గరికి వెళ్ళే ధైర్యం. దానికి "చెర్రీ ఖాతా" అని పాప పేరు పెట్టింది. నెలనెలా 2,000 అందులో పడాలి, డాక్టర్ బిల్లుకు తప్ప తీయకూడదు, 30,000 దాటాక మళ్ళీ మాట్లాడుకుందాం అనుకున్నాం. అలా చెర్రీ పద్దు 5,500 అయింది. ముందటి 7,900 కంటే తక్కువే, కానీ ఈసారి నిజమైన అంకె. ఆ 2,000 కోసం మళ్ళీ చిన్న లోటు వచ్చింది. అక్టోబరు నుంచి ఆమె సాయంత్రాలు అపార్ట్‌మెంట్ పిల్లలకు ట్యూషన్ మొదలుపెట్టింది, నెలకు 5,000.

పెట్ ఇన్సూరెన్స్ కూడా చూశాం. మన దేశంలో కొన్ని కంపెనీలు ఇస్తున్నాయి, కానీ చేరే వయసుకు పరిమితి ఉంటుంది, ముందే ఉన్న జబ్బులకు సాధారణంగా వర్తించదు. చెర్రీ వయసుకు, చరిత్రకు సొంత ఖాతానే మేలనిపించింది. ఇంట్లో కుక్కపిల్ల ఉన్నవాళ్ళు మాత్రం పాలసీ షరతులు ఒకసారి చదవడం మంచిది.

అన్నిటికంటే కష్టమైన మాట చివరికి పెట్టుకున్నాం. రేపు ఇంకా పెద్ద జబ్బొస్తే ఎంతవరకు? అర్ధరాత్రి క్లినిక్ బెంచీ మీద ఎవరూ ఈ ప్రశ్నకు సరిగ్గా జవాబు చెప్పలేరు. ఆమె ఏడ్చింది. "దానికి రేటు కడుతున్నట్టుంది అక్కా." కాసేపు ఎవరం మాట్లాడలేదు. రేటు చెర్రీకి కాదమ్మా, మన చేతిలో ఉన్నదెంతో చూసుకుంటున్నాం అన్నాను. చివరికి ఆమే రాసింది. ఖాతాలో ఉన్నంత, పైన ఇంకో 20,000 వరకు ఆలోచించక్కర్లేదు. అది దాటితే ఇద్దరూ డాక్టర్‌తో కూర్చుని, బాగయ్యే అవకాశం ఎంత, బాధ ఎంత అని అడిగి తేల్చుకోవాలి. ప్రతి బిల్లుకూ ముందు ఎస్టిమేట్ రాయించుకోవాలి. ఏ పరీక్ష వల్ల వైద్యం మారుతుంది, ఏది ఆగొచ్చు అని అడగాలి. ప్రాణాపాయం తప్పాక హెబ్బాళ్ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి మార్చుకోవచ్చా అన్నదీ అడగాలి. అక్కడ ఫీజులు బాగా తక్కువ, క్యూ పొడుగు. ఈ కాగితం టీకాల పుస్తకంలోనే మడిచి పెట్టారు.

మిగతాది గబగబా జరిగింది. మొదటి కార్డు డిసెంబరులో సున్నా అయింది. జనవరిలో ఊళ్ళో దగ్గరి బంధువు పోయి, సంక్రాంతి ప్రయాణం కూడా కలిసి, గోల్డ్ లోన్‌కు ఒక్క రూపాయి కట్టలేదు. నాకు టెన్షన్ వచ్చింది, వాళ్ళకు రాలేదు. ఫిబ్రవరిలో మళ్ళీ అందుకున్నారు. చిట్టీ 2025 మేతో అయిపోయింది, ఆ 8,500 కూడా బంగారం వైపు మళ్ళింది. జూలైలో గాజులు ఇంటికొచ్చాయి. పర్సనల్ లోన్ ఇంకా నడుస్తోంది.

గాజులు తెచ్చిన వారం వెళ్ళాను. చెర్రీ 32 కిలోలకు వచ్చింది, పొట్ట మీద ఆపరేషన్ గీత వెంట్రుకల్లో కలిసిపోయింది. చెర్రీ ఖాతాలో చెవి ఇన్ఫెక్షన్‌కు 3,200, నడకలో తేడా చూసి తీయించిన ఎక్స్‌రే, మందులకు 6,500 పోగా 32,300 ఉంది. 30,000 దాటింది కదా, పైన ఉన్నది పర్సనల్ లోన్‌కు కడదామా అని ఆయన అడిగారు. ఎక్స్‌రేలో ఏం తేలిందన్నాను. తుంటి కీలు ఒకటి అరగడం మొదలైందట, బరువు తగ్గించి మంచి పని చేశారు, మూడు నెలల తర్వాత మళ్ళీ చూద్దాం అన్నారట డాక్టర్. ఆయన తన ప్రశ్నకు తనే తల అడ్డంగా ఊపి పాస్‌బుక్ మూసేశారు. ఆమె ఫ్రిజ్ మీది కాగితం కింద, అక్టోబరు మొదటి శనివారం, హెబ్బాళ్, పొద్దున్నే వెళ్ళాలి అని రాసింది. పాప వచ్చి పక్కన ఒక టిక్కు పెట్టబోతే, "ఇంకా వెళ్ళలేదు కదమ్మా, వెళ్ళొచ్చాక పెడుదువు" అని చెయ్యి పట్టుకుంది.